తలకాయతో ఆరు లక్షలు

మొన్న మా ఇంట్లో నా జీతం బేరం జరిగింది. ఉద్యోగం నాది, ఫోను నాది, పదేళ్ల అనుభవం నాది. బేరం మాత్రం మా అత్తది! అదీ ఒక్క మాటతో. ఆ మాట విన్నప్పట్నుంచీ ఇంట్లో ఆవిడ ఎదురొస్తే నేను పక్కకి తప్పుకుని దారిస్తున్నాను.

టీ చల్లారేలోపు చెప్పేస్తాను, వినండి.

నేను శ్రీకాకుళంలో ఒక చిన్న కోల్డ్ స్టోరేజీలో స్టోర్స్ చూస్తాను. నెలకి చేతికి ముప్ఫై మూడు వేలు. విజయనగరం వైపు హైవే మీద కొత్తగా ఓ రొయ్యల ఎగుమతి కంపెనీ వచ్చింది. ఇంటర్వ్యూకి పిలిచారు, వెళ్లాను. వారం తిరక్కుండా ఆఫర్ లెటర్! ఆరు పేజీలు! మొదటి పేజీలోనే లావుపాటి అక్షరాల్లో, సీటీసీ ఆరు లక్షలు.

కాలిక్యులేటర్ తీసి పన్నెండుతో భాగించాను. యాభై వేలు! నమ్మకం కుదరక మళ్లీ భాగించాను. మళ్లీ యాభై వేలే! సీటీసీ అంటే పెద్ద కంపెనీల్లో జీతాన్ని ముద్దుగా పిలుచుకునే పేరు అనుకున్నాను. మిగతా ఐదు పేజీలూ చదవలేదు. కిలో స్వీట్లు కొని నేరుగా మా మేనేజర్ దగ్గరికి వెళ్లాను.

"సార్, అక్కడ నెలకి హాఫ్ లాక్ ఇస్తున్నారు" అన్నాను, హాఫ్ లాక్‌ని కాస్త సాగదీసి.

ఆయన మైసూర్‌పాక్ ఒకటి తీసుకుని, "కంగ్రాట్స్ అయ్యా! అయితే నీ సీటుకి మనిషిని చూసేస్తాను" అన్నాడు. అన్నవాడు ఊరుకోలేదు, సాయంత్రానికే చూసేశాడు.

మర్నాడు పదకొండింటికి ఫోన్ చేసి అంతా ఫైనల్ చేస్తానని కొత్త కంపెనీ హెచ్ఆర్ మేడమ్ మెసేజ్ పెట్టింది. రాత్రి కూర్చుని జీతం బేరం ఎలా ఆడాలో మూడు వీడియోలు చూశాను. మూడింట్లోనూ ఒకటే సూత్రం. మన అంకె చెప్పాక నోరు మూసుకోవాలి. ముందు మాట్లాడినవాడు ఓడిపోతాడు!

పొద్దున్నే మా అత్త నూకాలమ్మ రొయ్యల తట్టతో దిగింది. అత్తంటే మా మేనత్తే. చిన్నప్పుడు ఒరే అనేది, కూతుర్నిచ్చి పెళ్లి చేశాక కూడా ఒరేనే. నలభై ఏళ్లుగా మార్కెట్లో చేపలమ్ముతోంది. సంతకం రాదు, వేలిముద్రే.

"ఏటిరా, యాభై ఏలంట కదా! ఏదీ, ఆ కాయితం సదువు, ఇంటాను" అని పళ్లెంలో యాభై రొయ్యలు లెక్కపెట్టి పోసింది. "ఒకో రొయ్యా ఎయ్యి అనుకో. ఇప్పుడు సెప్పు."

నేను ఎంతో ఠీవిగా రెండో పేజీ తిప్పాను. "వేరియబుల్ పే, నెలకి ఐదు వేల లెక్కన. కంపెనీ బాగా నడిస్తే ఏడాది చివర్లో ఇస్తారు."

"నడవకపోతే?"

"ఇవ్వరు."

ఐదు రొయ్యలు తీసి పక్కన పెట్టింది. "ఇయ్యి ఇంకా సముద్రంలోనే ఉన్నాయి. తరవాత?"

"కంపెనీ బస్సు, మూడు వేలు."

"బస్సు ఆళ్లది, ఎల్లేది ఆళ్ల పనికి, డబ్బులు నీయా?" మూడు రొయ్యలు పోయాయి.

క్యాంటీన్ భోజనానికి ఒకటిన్నర. పాపం ఒక రొయ్యని మధ్యకి తుంచింది. ఇన్సూరెన్సూ, ఐదేళ్లు దాటితేగానీ రాని గ్రాట్యుటీ కలిపి ఇంకో ఒకటిన్నర. పీఎఫ్‌లో నా వాటా, కంపెనీ వాటా, రెండూ నా జీతంలోంచే. రమారమి నాలుగు.

"ఇది మాత్రం మన డబ్బే అత్తా!" అన్నాను.

"ఎప్పుడిస్తారు?"

"యాభై ఎనిమిదో ఏట."

"ఒసే గౌరీ, ఈ నాలుగూ గిన్నెలో ఏసి ఫ్రిజ్‌లో ఎట్టెయ్" అంది కూతురితో. తర్వాత పళ్లెం నా ముందుకి జరిపింది. "లెక్కెట్టు."

లెక్కపెట్టాను. ముప్ఫై ఐదు.

"నీకు తలకాయతో తూకమేసిచ్చినారు రా! తలకాయలు, తొక్కలు తీసేస్తే ఇదీ నీ కండ. నాను రొయ్యలమ్మినప్పుడు అదే సేస్తాను, నాకు తెల్దేటి?"

ఏం చెప్పమంటారు! ఎంబీఏ చదివినవాళ్లు కూర్చుని రాసిన ఆరు పేజీలు. వేలిముద్ర మనిషి వాటిని ఒక స్టీలు పళ్లెంలో ఒలిచి పెట్టింది! నేను నోరు తెరుచుకుని అలా చూస్తుండిపోయాను. నోరు మూశాక గుర్తొచ్చి అత్తతో అన్నాను, పొద్దున్న ఆరింటికి బస్సెక్కి రాత్రి ఏడింటికి దిగాలి. ఇదంతా రెండు వేలు ఎక్కువ కోసం. పోనీ మానేద్దామా అంటే నా పాత సీట్లో అప్పుడే ఒక కుర్రాడు కూర్చుని నా పెన్నుతో రాస్తున్నాడు!

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

నా ఫోను పోయిన నెల చేపలు కడిగిన నీళ్లలో పడింది. అప్పట్నుంచీ స్పీకర్ పెడితే తప్ప మాట వినపడదు. "అత్తా, దండం పెడతాను, నువ్వు మాట్లాడకూడదు" అన్నాను.

"నానేటి మాట్లాడతాను? నాకేటి తెలుసు?" అని అత్త రొయ్యలు ఒలవడం మొదలెట్టింది.

హెచ్ఆర్ మేడమ్‌ది కృష్ణా జిల్లా అట. మాటకో 'అండీ'. "గుడ్ మార్నింగ్ అండీ, ఆఫర్ చూసుకున్నారా అండీ?"

"ఐ యామ్ ఎక్స్‌పెక్టింగ్ ఎ బెటర్ నంబర్" అని, వీడియోలో చెప్పినట్టు నోరు మూసేశాను.

"హలో? వినపడుతోందా అండీ?"

నేను మాట్లాడలేదు. ముందు మాట్లాడినవాడు ఓడిపోతాడు!

"హలో? హలో? సిగ్నల్ లేదాండీ?"

చెమటలు పట్టాయి. అయినా మాట్లాడలేదు.

"సరేనండీ, ఆరున్నర చేస్తాం. ఇంక అంతకంటే కుదరదు. ఓకేనా అండీ?"

పనిచేసింది! 'ఓకే' అనబోయాను. అత్త చురుగ్గా చూసి అడిగింది.

"ఏటికి?"

మా వైపు ఏటి అంటే ఏమిటి. ఏటికి అంటే ఎందుకు. ఎందుకు ఒప్పుకుంటున్నావురా అని నన్నే అడిగింది. కానీ కృష్ణా జిల్లా చెవికి ఏటికి అంటే సంవత్సరానికి!

"అవునండీ, ఏటికే" అంది హెచ్ఆర్.

అత్త ఇంత కళ్లు చేసుకుని ఫోన్ వైపు చూసింది. "అదేనమ్మా, ఏటికీ అంట?"

"ఏటికేనండీ... పోనీ, నెలకి చెప్పమంటారా?"

"సెప్పు."

"నెలకి యాభై నాలుగు వేలండీ."

"తలకాయలు తీసేసి సెప్పు."

ఈసారి అవతల నిశ్శబ్దం. వీడియోలో చెప్పిన అసలు సిసలు నిశ్శబ్దం అదీ!

"అంటే... చేతికొచ్చేదా అండీ? ముప్ఫై ఎనిమిది" అంది. "సార్, ఎవరండీ మాట్లాడేది?"

"మా... మా కన్సల్టెంట్ అండీ" అన్నాను.

"ముప్పై ఎనిమిదికి ఆరింటికి బస్సెక్కాలా? ఒద్దమ్మా" అని కన్సల్టెంట్ రొయ్యల చేత్తో ఎర్ర బొత్తాం నొక్కేసింది!

"అత్తా! ఏటి సేసినావే!" అని అరిచాను. భయమేస్తే నాకు వచ్చే భాష అదే. తిరిగి ఫోన్ చేద్దామంటే తడికి స్క్రీన్ కదలదు. చొక్కాకి తుడిచాను, గౌరి కొంగుకి తుడిచాను, కదల్లేదు. పాత సీటు పోయింది, కొత్తది ఇప్పుడే పోయింది. ఇంక మిగిలింది కిలో స్వీట్లు పంచిన పేరు!

అత్త తలెత్తలేదు. "తట్ట నెత్తినెట్టుకుని నాలుగడుగులు ఎయ్యాల. కావాలంటే ఎనక్కి పిలుస్తారు. పిలవలేదంటే ఆళ్లకి నీతో పని లేదనే. ఈరోజే తెలిసిపోతాది, మంచిదే కదా."

నాలుగడుగులు అందిగానీ, నేను హాల్లో నాలుగొందల అడుగులు వేశాను. పన్నెండు నిమిషాలకి ఫోన్ మోగింది. తువ్వాలుతో పట్టుకున్నాను.

"లైన్ కట్టయినట్టుంది సార్. మా మేనేజర్‌తో మాట్లాడాను. వేరియబుల్‌ని జీతంలో కలిపేస్తాం. బస్సు ఖర్చు కంపెనీదే. చేతికి నలభై ఆరు వస్తుందండీ. మేడమ్ గారికి ఓకేనా?"

చూశారా, నన్ను అడగలేదు! అత్త గడ్డం ఒక్క అంగుళం కిందికి దించింది. "ఓకే అండీ" అన్నాను. బెటర్ నంబర్ తర్వాత ఆ బేరంలో నేను చేసిన ఘనకార్యం అంతే.

"ఇంకో విషయం సార్. మా పర్చేజ్‌లో ఒక పోస్టు ఖాళీగా ఉంది. రొయ్యల రేటు మాట్లాడే మనిషి దొరకడం లేదండీ. మీ కన్సల్టెంట్ గారు మాకోసం పనిచేస్తారా?"

అత్త బిత్తరపోయింది. "నానా? ఏటికి?"

"ఏటికి ఎనిమిది లక్షలండీ!"

నాకు కుర్చీ కావాల్సొచ్చింది. పదేళ్ల అనుభవం, మూడు వీడియోలు, నాకు ఆరున్నర. ఆవిడకి ఎనిమిది!

అత్త మాత్రం చేతులు కడుక్కుని తట్ట నెత్తినెట్టుకుంది. "నెలకోపాలి ఇచ్చే డబ్బులు నాకేల తల్లీ! నాకు ఏ పూటది ఆ పూటే సేతిలో పడాల" అని మార్కెట్‌కి వెళ్లిపోయింది. ఆవిడ ఎక్కిన ఆటో సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాను.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. గౌరి గరిటె తిప్పి తిప్పి నా కంచంలో మూడు రొయ్యలు వేసింది.

"మూడేనేటే? మిగతావేవీ?" అన్నాను.

"ఐదు సముద్రంలోనే ఉన్నాయి బావా. నాలుగు ఫ్రిజ్‌లో ఉన్నాయి, నీకు యాభై ఎనిమిదో ఏడు రాగానే వండుతాను" అంది.

వీడియోవాళ్లు అబద్ధం చెప్పలేదండీ. కంచం చూసుకుని ముందు నోరు విప్పింది నేనే కదా!