మూడు రాజీ కాగితాలు

బోధన్ దగ్గర మా ఊళ్లో భార్యాభర్తల గొడవ పెద్దమనుషుల ముందుకొస్తే చివరికి ఒక కాగితం రాస్తారు. ఇక కొట్టనని భర్త, చెప్పకుండా పుట్టింటికి పోనని భార్య సంతకాలు చేస్తారు. బడిపంతులైన మా ఆయనే వాటిని రాసేవారు. ఒక్కో నకలు ఇనుప పెట్టెలో దాచేవారు. ఆయన పోయి ఏడాది కావస్తున్నా నేను ఆ పెట్టె తెరవలేదు.

ఒక ఉదయం ఎదురింటి అమ్మాయి వాచిన మణికట్టుతో, కూతురిని వెంటబెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. భర్త కొట్టి బయటికి నెట్టాడు.

"పుట్టింటికి పోతవా బిడ్డా?"

"పోను అవ్వ. పిల్ల బడి ఈడనే. నా ఇల్లు నాకు గావాలె."

బస్సెక్కి నిజామాబాద్‌లో గృహహింస కేసులు చూసే రక్షణ అధికారి దగ్గరికి వెళ్లాం. ఆమె మా యాసలోనే అడిగింది.

"ఇంతకుముందు గూడ కొట్టిండా?"

"లేదు మేడం. గిదే మొదలు."

నేను ఆశ్చర్యపోయాను. వరండాలోకి తీసుకెళ్లి అడిగితే అమ్మాయి తల దించుకుంది. "మూడుసార్లు రాజీకి సంతకం పెట్టిన గదా అవ్వ. గది తెలిస్తే కేసు చెల్లదంటరు."

నిజానికి నా అనుమానం కూడా అదే. అయినా లోపలికి తీసుకెళ్లి ఆ కాగితాల సంగతి చెప్పించాను.

అధికారి కలం ఆపింది. "గవే గావాలె నాకు! కొట్టిన్నని నీ మొగడే రాసిచ్చినట్టు గదా. యాడున్నయి?"

తల్లీకూతుళ్లను ఆడవాళ్ల వసతి గృహంలో ఉంచి, నేనొక్కదాన్నే తిరిగొచ్చి పెట్టె తెరిచాను. మూడు కాగితాలు, మూడింటిలోనూ దాదాపు అవే మాటలు. ప్రతిసారీ మా ఆయన అతని మాట నమ్మారు. పెద్దమనుషులకు చాయ్ ఇచ్చిన నేనూ నమ్మాను. వీటిని కోర్టుకిస్తే ఆయన మూడుసార్లు పొరబడ్డారని నేనే చెప్పినట్టవుతుంది. అయినా కాగితాలు సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు బోధన్ కోర్టులో అధికారి పెట్టిన దరఖాస్తుతో పాటు మెజిస్ట్రేట్ ఆ మూడూ చదివారు. భర్త వచ్చేదాకా ఆగకుండానే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు: వాయిదా దాకా అతను ఆమెను తాకకూడదు, ఆ ఇంట్లో అడుగు పెట్టకూడదు.

"నేనెక్కడ సంతకం పెట్టాలె?" అని అమ్మాయి గుమాస్తాను అడిగింది.

"నువ్వు పెట్టేదేం లేదమ్మా."

ఆ రాత్రి తల్లీకూతుళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. తెల్లారగానే కానిస్టేబుల్ ఉత్తర్వు తెచ్చి భర్త చేతిలో పెట్టాడు.

"నా ఇంట్లకు నన్నే రావద్దంటరా? పెద్దమనుషులను పిలువుండ్రి, మాట్లాడుకుందాం."

"వాళ్లు మూడుసార్లు మాట్లాడిండ్రట గదనే. గిప్పుడు జడ్జి సారు మాట్లాడిండు. సంచి సదురుకో."

"నా అంగీలేవి?"

అమ్మాయి మా అరుగు మీంచే జవాబిచ్చింది. "మొన్న నానబెట్టిన. గట్లనే ఉన్నయి. తీస్కపోయి ఉతుక్కో."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి వీధి వైపు తిరిగాడు.

వాయిదాలో ఏమవుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. అతను బకెట్టు పట్టుకుని మలుపు తిరిగాక ఆమె పొయ్యి ముట్టించింది. పిల్ల వేడన్నం తిని, ఆలస్యమైందని గొణుక్కుంటూ బడికి పరిగెత్తింది.