సన్న వంతెన, లావు దిమ్మ

మా బావగారు పోయారు. రెండు వీధుల అవతల ఉండే మా అక్క, కేకేస్తే వినపడేదానికి పొద్దున్నే ఫోను చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, కాఫీ చల్లారిపోతోందిరా, మీ బావగారు లేవట్లేదు" అంది. కాఫీ చల్లారనిచ్చే మనిషి కాదు ఆయన. చొక్కా వేసుకోకుండానే పరుగెత్తాను.

నేను తాపీ మేస్త్రిని. చదివింది మూడో తరగతి. ఆయన గురించి రాయగల చదువరులు చాలామంది ఉన్నారు. వాళ్ళు రాస్తే అన్నీ మంచిమాటలే రాస్తారు. అందుకని నేను రాస్తున్నాను.

బావగారు తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆ తరవాత అక్కను వెంటబెట్టుకుని మా ఊరు వచ్చేశారు. జుట్టు నెరిసాక ఇల్లరికం వచ్చిన అల్లుణ్ణి మా కొల్లేటి లంకల్లో అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆయన చదువల్లా ఒక్కటే: తక్కువ ఇనుముతో, తక్కువ సిమెంటుతో ఎక్కువ బరువు మోయించడం. దానికేదో ఆప్టిమమ్ డిజైను అని పేరు. "బరువు మొయ్యని పుల్లకి జీతం ఇవ్వకూడదోయ్" అనేవారు.

ఆ చదువు కాలేజీలో వదిలి రాలేదు, అదీ చిక్కు. ఏలూరులో పెళ్ళికి వెళ్తే పెళ్ళికూతుర్ని చూడరు, షామియానా కర్రలు చూస్తారు. ఒకసారి షామియానా వాణ్ణి పిలిచి, "ఏవండీ, ఈ కర్ర ఏ పనీ చెయ్యట్లేదండీ, తీసెయ్యండి" అన్నారు. పెద్దాయన చెప్పాడని వాడు తీసేశాడు. షామియానా చెక్కుచెదరలేదు. ఆ కర్రకు కట్టిన ఫ్యాను మాత్రం తిన్నగా వచ్చి పులిహోర బేసిన్లో పడింది. "ఫ్యాను సంగతి నాకెవరూ చెప్పలేదే" అన్నారు బావగారు. అంతే. క్షమాపణ లేదు.

నా పద్ధతి వేరు. నేను కట్టిన గోడ చూస్తే దొంగకు ఏడుపు రావాలి. మా ఇంటికి వచ్చినప్పుడల్లా గోడ మీద వేలితో కొట్టి, "ఏమోయ్ బావమరిదీ, ఇది వంటగదా, జైలా?" అనేవారు. "మీ ఇంటి గోడకు మేకు కొడితే పక్కింట్లో తేలుతుంది బావగారూ" అనేవాణ్ణి. ఇలా చాలా ఏళ్ళు గడిపాం.

మా ఊరికీ రోడ్డుకీ మధ్య, చేల నీళ్ళు కొల్లేట్లోకి పోయే పెద్ద డ్రెయిను ఉంది. బడికి వెళ్ళే పిల్లలు, చేపల ట్రేలు మోసేవాళ్ళు, చివరికి కాటికి పోయేవాళ్ళు కూడా అది దాటాల్సిందే. దాని మీద తాటిదూలాల వంతెన కూలిపోయాక దోనెలే గతి అయ్యాయి. అవతలి ఊరికి మాత్రం గవర్నమెంటు వాళ్ళు కాంక్రీటు వంతెన కట్టారు. దాని స్తంభాల లావు చూసి నేను కూడా ఈర్ష్య పడ్డాను, దాచడం ఎందుకు. మాకు వంతెన రాలేదు. చివరికి చేపల చెరువుల రైతులు తలా కాస్త ఇనుము వేసుకుంటే, బావగారు నడిచేవాళ్ళ కోసం ఒక వంతెన గీశారు. అన్నీ ముక్కోణాలు, అన్నీ చువ్వలు. ఎండలో నిలబెడితే నీడ కూడా సరిగ్గా పడదు.

రెండు గట్ల మీదా దాన్ని మోసే దిమ్మలు కట్టే పని నాది. కాగితం మీద ఆయన గీసిన దిమ్మ చూస్తే నాకు తలకొట్టేసినట్టయింది. అంతకు రెండింతల లావు కట్టాను. బావగారు వచ్చి చుట్టూ తిరిగి చూశారు.

"ఈ సగం వంతెనను మోస్తోంది. సరే. ఆ రెండో సగం ఏం మోస్తోందోయ్?"

"నా పేరు మోస్తోందండీ."

"లావుగానే ఉంది నీ పేరు" అన్నారు.

వంతెన నిలబడ్డాక అసలు గొడవ మొదలైంది. దాన్ని చూసిన ప్రతివాడికీ అవమానంగా తోచింది. పిల్లనిచ్చుకునేవాళ్ళు దీన్ని చూసి మనల్ని ఏమనుకుంటారని ఆడవాళ్ళు కూడా అన్నారు. ఎన్నికలు దగ్గరపడుతున్న రోజులు. మా ఊరి నాయకుడు మైకు పెట్టించి, వంతెన మొదట్లో నిలబడ్డాడు. దాన్ని పీకించడానికి వెనకాల పొక్లెయిను కూడా తెప్పించాడు.

"అవతలి ఊరికి ఏనుగు కాళ్ళు! మనకు కొంగ కాళ్ళు! ఇది వంతెనా? మన మొహాన కొట్టిన పుల్లల మోపు! వాళ్ళు తినగా మిగిలింది మనకు! మనం మనుషులం కామా?"

ఏం అరవాలో తెలియక కొందరు "కామూ" అని అరిచారు. నేను చప్పట్లు కొట్టాను. సన్నగా ఉందన్నది నిజమే కదా. దీన్ని పీకి పారేస్తే పిల్లలు మళ్ళీ దోనె ఎక్కాలని, కొత్తది ఎప్పుడొస్తుందో అడగాలని ఆ ఊపులో ఎవరికీ తోచలేదు.

బావగారు గొడుగు వేసుకుని వచ్చి నా దిమ్మ మీద కూర్చున్నారు. "కొంగ ఎప్పుడైనా పడిపోగా చూశావుటోయ్? అదీ ఒంటికాలి మీద" అన్నారు నాతో మెల్లగా.

అప్పుడు నాయకుడు ఒక పొరపాటు చేశాడు. "రండి, అందరూ ఎక్కండి! మన బతుకులు ఎలా ఊగుతున్నాయో లోకానికి చూపిద్దాం! తరవాత పీకేద్దాం!" అన్నాడు. ఊరు ఊరంతా వంతెన ఎక్కింది.

బావగారు లేచి నిలబడ్డారు. తిడతారేమో అనుకున్నాను. "ఏవండీ, మధ్యలో ఇంకా ఖాళీ ఉందండీ, సర్దుకోండి!" అని కేకేశారు. "ఇసక మూటలు పెట్టి బరువు చూద్దామంటే ఒక్కడూ మొయ్యలేదు కదోయ్. ఈయన మనుషుల్నే తోలుకొచ్చాడు, మహానుభావుడు!" అని, మేం గోడ నిలువు చూసుకునే గుండు నా దగ్గర లాక్కుని, ఎంత వంగుతుందో చూడ్డానికి వంతెన నడుముకు తాడుతో వేలాడదీయించారు.

"అందరం ఒకే అడుగు వేద్దాం!" అన్నాడు నాయకుడు.

"వద్దండీ! అది మాత్రం వద్దు! ఎవరి అడుగు వాళ్ళే వెయ్యండి!" అని బావగారు గొడుగు ఊపుతూ అరిచారు. అందరూ ఒక్కసారే అడుగు వేస్తే ఎంతటి వంతెనకైనా ఊపు పుడుతుందట. ఆయన కంగారు పడ్డారు గానీ, మా ఊరివాళ్ళు ఏనాడు కలిసి అడుగు వేశారు గనక.

బావగారు నవ్వుతూనే ఉన్నారు గానీ ఆయన గోళ్ళు నా మోచేతిలో దిగిపోయాయి. "నా లెక్క తప్పదోయ్. వెల్డింగువాడు టీ తాగడానికి వెళ్ళి మర్చిపోయిన అతుకు ఒక్కటుంటేనో?" అన్నారు. వంతెన ఊగింది. మూలిగింది. గుండు బొటనవేలంత కిందికి దిగి ఆగింది. ఇంక దిగలేదు.

నాయకుడు ఒక్క క్షణం చువ్వల వంక చూశాడు. మైకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"చూశారా! ఇంత గట్టి వంతెన మనకుందని అవతలి వాళ్ళు కుళ్ళి చస్తున్నారు! దీని మీద వాళ్ళ కన్ను పడింది! ప్రాణం పోయినా దీన్ని ముట్టుకోనివ్వం!"

చప్పట్లు మోగిపోయాయి. పొక్లెయిను వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

"ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాను, ఇలాంటి డిజైను చూడలేదోయ్" అన్నారు బావగారు. "మొత్తం ఉపన్యాసం 'వాళ్ళు' అనే ఒక్క గుంజ మీద నిలబెట్టాడు. పైన ఇల్లంతా మార్చేశాడు, గుంజ కదిలితే ఒట్టు."

"ఆ గుంజ తీసేస్తేనో బావగారూ?"

"పాపం, సాయంత్రాలు వీళ్ళకు ఏం తోస్తుందోయ్" అన్నారు.

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం ఆయన చోటు నా దిమ్మ మీద ఆ రెండో సగమే. ఎందుకండీ అక్కడ అంటే, "ఖాళీగా ఉంది కదా, దానికో పని చూపిస్తున్నా" అనేవారు. నా గుండు మాత్రం తిరిగి ఇవ్వలేదు. వంతెన కిందే ఉండనివ్వమన్నారు.

మొన్న పాడె కట్టేవాళ్ళు అడ్డపుల్లలు తెగ కడుతుంటే, "రెండు తీసెయ్యండ్రా, ఆయన చూస్తే లేచి తిడతారు" అన్నాను. మా అక్క ఏడుపులోనే నవ్వింది.

కాటికి వెళ్ళే దారిలో పాడె ఒకచోట దించి, చెవిలో మూడుసార్లు పిలుస్తాం కదా, ప్రాణం ఉంటే పలుకుతారేమోనని. వానకు గట్టంతా బురద. దించడానికి ఎక్కడా చోటు లేదు. నా దిమ్మ మీద, ఆయన కూర్చునే సగం మీదే దించారు. సరిగ్గా సరిపోయింది. నన్నూ పిలవమన్నారు. "బావగారూ, ఇది ఎక్కువేనంటారా?" అని చెవిలో అడిగాను. నా మాటకు ఆయన ఎదురు చెప్పకపోవడం అదే మొదలు.

నేను అక్కడే కూర్చుండిపోయాను. పాడె వంతెన ఎక్కింది. వెనకాల ఊరంతా, ఎవరి అడుగు వాళ్ళు వేసుకుంటూ. వానలకు డ్రెయిను నిండుగా ఉంది. పాడె నడుమ దాకా వచ్చేసరికి నా గుండు మెల్లగా కిందికి దిగి నీళ్ళను తాకింది. చిన్న సుడి లేచింది. వాళ్ళు అవతలి గట్టు ఎక్కాక గుండు మళ్ళీ పైకి వచ్చి, కాసేపు చుక్కలు రాల్చి, నిటారుగా నిలబడింది.