మా కోడలి పస్తు గుండెలు

మా కోడలు గుండె కణాలు పెంచుతుంది. కోళ్ళు పెంచేవాళ్ళను చూశాను, కుక్కల్ని పెంచేవాళ్ళను చూశాను, ఇదేం పెంపకమే తల్లీ అని మొదట్లో బుగ్గలు నొక్కుకున్నాను. ఒకరోజు నన్ను వాళ్ళ ల్యాబుకు తీసుకెళ్ళి మైక్రోస్కోపులో చూపించింది. అరచేతిలో పట్టే పళ్ళెం. మనిషి లేడు, ఒళ్ళు లేదు, గుండె కణాలు మాత్రం టపటపా కొట్టుకుంటున్నాయి. నా గుండె ఆగినంత పనైంది.

నాకు అర్థమైనంత చెబుతాను. మనం పెద్దయ్యాక గుండెలో కొత్త కణాలు పుట్టడం దాదాపు ఉండదట. గుండె మీద పనిభారం ఎక్కువైతే ఉన్నవే లావెక్కుతాయి. మరీ లావెక్కితే గుండెకే చేటు. లావెక్కమని వాటికి ఎవరు చెబుతారు? బయటినుంచి ఒక కబురొచ్చి కణం తలుపు తడుతుంది. తలుపు దగ్గరున్నది పక్కదాని చెవిలో ఊదుతుంది, అది ఇంకోదాని చెవిలో. అలా లోపలి గదికి చేరాక "ఉబ్బు" అని హుకుం. అచ్చం మా ఆడపడుచు ఇల్లే.

ఆ కబురును సగం దారిలో ఆపే మందును పరీక్షించడం మా కోడలి పని. ముందు కణాలను పస్తు పెట్టాలి. వాటి తిండిలో సీరం అని నెత్తురులోంచి తీసిన రసం కలుపుతారు, దాన్నిండా రకరకాల కబుర్లే. అది తీసేస్తేనే తను చుక్కల మందులా వేసి పంపిన ఒక్క కబురు ఏం చేస్తుందో తెలిసేది. ఈసారీ మందు పనిచేయకపోతే ఇంటికి పంపించేస్తానని ల్యాబు పెద్దసారు చెప్పేశాడు. ఆ దిగులుతో మా మనవడికి ఎడమకాలి చెప్పు కుడికాలికి తొడిగింది మహాతల్లి.

కణాలను పస్తు పెట్టి, కొన్నిటికి కబురూ, కొన్నిటికి దాంతోపాటు మందూ వేసొచ్చింది. తెల్లారి చూస్తే పళ్ళాల్లో కణాలన్నీ దిండ్లలా ఉబ్బి కూర్చున్నాయి. మందు వేసినవీ ఉబ్బాయి, కబురే వేయనివీ ఉబ్బాయి! ల్యాబంతా తిరిగి ఆరా తీసింది. అక్కడ సీసాలు కడిగి, కణాల తిండి కలిపే పెద్దాయన ఉన్నాడు, అందరూ బాబాయ్ అంటారు. ఎవరి కడుపు మాడినా చూడలేడు.

"నేనే పెట్టానమ్మా. నువ్వు మర్చిపోయినట్టున్నావు, పాపం నీరసంగా ఉన్నాయి. దండిగా సీరం కలిపి పెట్టా."

"బాబాయ్! కావాలనే పస్తుంచాను!"

"అంత చిన్న ప్రాణాల్నా? నీకు చేతులెలా వచ్చాయి తల్లీ?"

పైగా అలిగింది ఆయనే. పెద్దసారు ముందు కూడా "ఆకలేస్తే పెట్టాను, తప్పా?" అని నిలబడ్డాడు. దాంతో తప్పు మందుది కాదని సారుకు బోధపడి, ఇంకొక్కసారి చేయమన్నాడు.

ఈసారి కణాలుండే వెచ్చటి పెట్టె ముందు కుర్చీ వేసుకుని మా కోడలే కాపలా కాసింది. బాబాయ్ అటు పోతూ ఓ నిట్టూర్పు, ఇటు వస్తూ ఓ నిట్టూర్పు. చివరికి కబురు వేసినవి ఉబ్బాయి. కబురుతోపాటు మందు కూడా వేసినవి సన్నగానే ఉండిపోయాయి. ఏమీ వేయనివి ఎక్కడివక్కడే.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా కూలబడింది.

"ఏమే, ఉద్యోగం ఉన్నట్టా, ఊడినట్టా?"

"ఉన్నట్టే అత్తయ్యా. సారు చాలా బాగుందన్నారు. మొత్తం మళ్ళీ మొదట్నుంచి చేయమన్నారు."

"బాగుంటే మళ్ళీ ఎందుకే?"

"మళ్ళీ అలాగే వస్తేనే నమ్ముతారు. మా దగ్గర అంతే."

"బాగుంది వరస! నేను రోజూ ఇవే అంట్లు మళ్ళీ మళ్ళీ తోముతున్నాను, ఒక్కడైనా నమ్మాడా?" అన్నాను. నవ్వుతూ లేచి, మొహం కడుక్కుని, అంట్ల ముందు కూర్చుంది.