నీలకంఠం గీసిన తూర్పు వరండా

సబ్బవరం నుంచి వచ్చే మొదటి బస్సు మద్దిలపాలెంలో దిగాక నీలకంఠం ఏనాడూ తిన్నగా ఆఫీసుకు పోలేదు. చేతిసంచీ చంకన పెట్టుకుని యూనివర్సిటీ హాస్టళ్ల ప్రహరీ వెంట కొంత దూరం నడిచేవాడు. ఒకచోట గోడ కురచగా ఉంటుంది. అక్కడ ఆగి మేడ కిటికీల వైపు చూసేవాడు. ఊచలకు ఆరేసిన లుంగీలు, పళ్లు తోముకుంటూ పుస్తకం చదివే పిల్లలు, ఎవరిదో రేడియో. విభూతి పెట్టుకున్న నుదుటికి చెయ్యి ఒకసారి తాకించి, గుడి ముందు నుంచి పోయేవాడిలా ముందుకు సాగేవాడు. ఇరవై ఏళ్లకు పైగా రోజూ ఇదే దారి. వానాకాలంలో గొడుగొకటి అదనం.

ఆయనది ప్లాన్లు ఎత్తి రాసే ఉద్యోగం. ఇంజనీరు శ్రీరామ్మూర్తి గారు పెన్సిలుతో గీసిన ప్లాను మీద పల్చటి ట్రేసింగు కాగితం పరిచి, గీత మీద గీతగా ఇంకుతో దించాలి. చెయ్యి వణక్కూడదు, చెమట బొట్టు పడకూడదు. నీలకంఠం మణికట్టు కింద ఉతికిన జేబురుమాలు పరుచుకుని, మనసులో శివనామం అనుకుంటూ గీసేవాడు. ఆ పట్నంలో ఎన్నో మేడలు ముందు ఆయన వేళ్ల కిందనే లేచాయి. వాటిలో ఒక్కదాని లోపలికీ ఆయన అడుగు పెట్టింది లేదు.

చదువుకోవాలని వచ్చినవాడు ఆయన. డెబ్బై ఒకటిలో తెలుగు ఎం.ఏ.లో సీటొచ్చింది, హాస్టల్లో రాలేదు. రేకుపెట్టెతో పెదవాల్తేరు రామమందిరంలో దిగాడు. పగలు క్లాసులు, పొద్దు గూకాక వీధి దీపం కింద చదువు. మందిరానికి ఎదురింట్లో సూర్యకాంతమ్మ గారని ఒక పెద్దావిడ ఉండేది. నాలుగు రోజులు చూసి, ఐదో రోజు గేటు దాకా వచ్చి పిలిచింది.

"ఏటి నాయనా, ఆ స్తంభం కింద కూకుంటే పురుగులు నీ పుస్తకం సదివేత్తాయి గాని నువ్వు సదవలేవు. మా వరండాలో కూకో."

ఆ వరండా తూర్పు ముఖం. సముద్రం గాలి అక్కడికి నేరుగా వచ్చేది, చదవని పేజీలు కూడా తిప్పేసేది. సూర్యకాంతమ్మ గారు గ్లాసుడు మజ్జిగ గట్టు మీద పెట్టి, చదువుకునే పిల్లాడిని పలకరిస్తే ధ్యాస చెడుతుందని చప్పుడు కాకుండా లోపలికి వెళ్లిపోయేది. అలా ఐదు నెలలు. తన బతుకులో చదువంటే ఆ ఐదు నెలలేనని నీలకంఠం అనేవాడు.

మాఘమాసంలో ఆవిడ పెద్దకొడుకు పెళ్లయింది. ఇల్లు చిన్నది. వరండాకు గోడ కట్టి గది చేశారు. ఆ సంగతి చెప్పడానికి ఆవిడే మందిరానికి వచ్చింది, కళ్లొత్తుకుంటూ.

"ఏటి సెయ్యను నాయనా, కొత్త కోడలికి గది గావాల గదా."

"నాకేటీ పర్వాలేదు పిన్నీ. సల్లగా ఉండమనండి ఆ అమ్మాయిని," అన్నాడు నీలకంఠం.

మందిరంలో ఉత్సవాల జనం, దాని వెనక జ్వరం. పరీక్షల వేళకు రేకుపెట్టె తిరిగి ఊరికి చేరింది. ఆ తల్లి పేరెత్తినప్పుడల్లా ఆయన చేతులు జోడించేవాడు తప్ప, అదే ఆఫీసులో పనిచేసిన నేను ఒక్క పొల్లుమాట వినలేదు.

తొంభై ఎనిమిదిలో, పల్లెల నుంచి వచ్చే విద్యార్థుల కోసం ఒక ధర్మసంస్థ వారు మూడంతస్తుల వసతిగృహం కట్టదలిచారు. ఆ పని శ్రీరామ్మూర్తి గారికి వచ్చింది. ఆయన పెన్సిలు తీసి నీలకంఠం చేతిలో పెట్టారు.

"ఈసారి ప్లాను నువ్వే వెయ్యి నీలకంఠం. ఆ పిల్లలకి ఏం కావాలో నీకు తెలిసినంత మాకు తెలీదు."

రెండు నెలలు పట్టింది. గదులన్నీ ఒక వరస. పడమట రాకపోకలకు సన్నటి నడవా. తూర్పున, మూడంతస్తుల్లోనూ, ఈ కొస నుంచి ఆ కొస దాకా పదడుగుల వరండా. గట్టు ఎంత ఎత్తుంటే కూర్చున్నవాడి ముఖానికి గాలి తగులుతుందో తెలుసుకోడానికి, ఆఫీసులో కుర్చీ వేసుకుని తన గడ్డం ఎత్తు తానే టేపుతో కొలుచుకున్నాడు. ప్లానులో ఎవరూ అడగని కుర్చీలు కూడా గీశాడు.

పక్కబల్ల అర్జునరావు ఊరుకుంటాడా! "ఏటి బావా, కుర్చీలు గీసేవు, వాటి మీద పిల్లల్ని గీయవా? ఆ మూల కుర్చీ ఎవడికి, నీకేనా?"

"నాకే," అన్నాడు నీలకంఠం తల ఎత్తకుండా.

"ఓలమ్మో! యాభయ్యేళ్లకి హాస్టల్ సీటు కొట్టేసేడ్రా మా బావ!"

ఆ రోజు ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంకు గీతలు పూర్తయ్యాయి. వారం తిరక్కుండా ధర్మసంస్థ కార్యదర్శి వసతి కోసం పిల్లలు పెట్టుకున్న దరఖాస్తుల కట్టతో వచ్చి, శ్రీరామ్మూర్తి గారితో గంటసేపు మాట్లాడి వెళ్లాడు. తర్వాత ఇంజనీరు గారు నీలకంఠం బల్ల దగ్గరికి తానే వచ్చి నిలబడ్డారు.

"తూర్పు వరండా తీసేసి, నడవా మధ్యకి తెచ్చి, అటూ ఇటూ గదులు వెయ్యమంటున్నారయ్యా. ఇంకో ఇరవై నలుగురు పడతారు. నీ మనసు నాకు తెలుసు. వద్దంటే చెప్పు, గాలీ వెల్తురూ కావాలని వాళ్లకి నచ్చజెబుతాను. నా మాట వింటారు. ఈ కాగితాలు చూసి రేపు చెప్పు."

దరఖాస్తులో 'ప్రస్తుత నివాసం' అని ఒక గడి ఉంది. నీలకంఠం ఆ గడులే చదువుకుంటూ పోయాడు. మేనత్త ఇంటి మెట్ల కింద. రైసుమిల్లు గోదాములో, సీజను లేనప్పుడు. కొండవతల యారాడ నుంచి రోజూ రాకపోక. ఒక పిల్లవాడు ఏమీ రాయకుండా గడిలో అడ్డగీత గీసి ఊరుకున్నాడు. ఆ గీత దగ్గర నీలకంఠం చాలాసేపు ఆగిపోయాడు.

మర్నాడు ఇంజనీరు గారి గదిలోకి వెళ్లి, "గదులే వేసేద్దాం సార్," అన్నాడు.

"ఆలోచించుకునే చెబుతున్నావా?"

"ఇరవై నలుగురు సార్."

దరఖాస్తుల కట్ట సర్ది ఆయన బల్ల మీద పెట్టాడు.

ట్రేసింగు కాగితం మీద ఇంకు గీత పోవాలంటే సగం బ్లేడుతో గీకాలి. చెయ్యి బరువైతే కాగితం చిరుగుతుంది. కొత్త కాగితం మీద మళ్లీ గీసుకోమన్నారు ఇంజనీరు గారు. నీలకంఠం వినలేదు. జేబురుమాలు పరుచుకుని మూడు వరండాలూ ఒక్కొక్క గీతే గీకాడు. లేచిన పొడిని ఊదలేదు, పావురం ఈకతో దగ్గరికి తోసి ఒక పొట్లంలో వేశాడు. ఇక గీకడానికి మూల కుర్చీ ఒక్కటే మిగిలింది. అర్జునరావు లేచి వెళ్లి, టీ తెచ్చి బల్ల కొసన పెట్టి, ముఖం చూడకుండా తన చోటికి పోయాడు.

రెండు వేల సంవత్సరం జూలైలో ప్రారంభోత్సవమైంది. పిల్లలు నిండిపోయారు. మళ్లీ వేసవి వచ్చాక, పరీక్షల రోజుల్లో ఒక ఆదివారం సాయంత్రం, నీలకంఠం మొట్టమొదటిసారి ఆ మేడ లోపలికి వెళ్లాడు. మధ్య నడవాలో పగలే లైటు వెలుగుతోంది. తలుపులు తెరుచుకుని, బనీన్లతో, తడిగుడ్డ మెడలో వేసుకుని చదువుతున్నారు. ఒక పిల్లవాడు "ఎవరి కోసం బాబాయ్?" అని అడిగి, కూర్చోమని మంచం మీద పుస్తకాలు జరిపాడు. నీలకంఠం కూర్చున్నాడు, మంచినీళ్లు తాగాడు. "ఉక్కగా ఉంది కదా," అన్నాడు.

"ఎక్కడైనా ఉక్కే కదా బాబాయ్. గది దొరికింది, అదే పదేలు," అన్నాడా పిల్లవాడు.

ఆ మాట తర్వాత నాకు చెప్పేటప్పుడు ఆయన ముఖంలో నిండుతనమూ ఉంది, వెలితీ ఉంది. ఏది ఎక్కువో చెప్పలేను.

పై మెట్ల చివర డాబా మీదికి పోయే తలుపుకు అరచేతంత తాళం వేలాడుతోంది. కాపలా పైడయ్యను బతిమాలి తీయించాడు. తలుపు తెరవగానే గాలి లోపలికి తోసుకొచ్చింది. ఎదురుగా సముద్రం, రేవులోకి రావడానికి వరసలో ఆగిన ఓడలు. నీలకంఠం కండువా ఎగిరిపోకుండా పట్టుకుని, తూర్పు పిట్టగోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. పైడయ్య తాళంచెవుల గుత్తి ఆడిస్తూ ఓపిగ్గా ఆగాడు.

"తమ్ముడూ, నాకో సాయం సేత్తావా?"

"సెప్పండి బాబూ."

"సాయంత్రం ఐదయ్యేతలికి ఈ తలుపు తియ్యి. ఎనిమిదింటికి ఏసేసుకో. ఈ పరీచ్చలయ్యే దాకా."

"అమ్మో! ఎవడైనా కింద పడితే నన్ను పీకేత్తారు బాబూ."

"పిట్టగోడ గుండెలెత్తు ఉంది సూడు. నానే గీసేను. వార్డెన్ గారికి నాను సెప్పుకుంటాను, కాగితం రాసిమ్మన్నా ఇత్తాను. ఆదివారాలు నానే వొచ్చి కాపలా కూకుంటాను." ఆయన పైడయ్య చెయ్యి పట్టుకున్నాడు. "సదువుకునే పిల్లలు తమ్ముడూ. ఆ మూడు గంటలూ తాళం ఎయ్యకు."