ఇంటివాడు కాల్చి చూచిన చీటీ

సహోదరులారా, ఆ సోమవారం ఉదయం మట్టెవాడలోని మా ఇంటి నడవలో ఉన్నవారు ముగ్గురు: మా బాపు, ఆయన అక్క రాహేలు అత్తమ్మ, నేను. బల్ల మీద ఉన్నవి: అగ్గిపెట్టె, చెంబుతో నీళ్లు, పుక్కిలించి ఉమ్మడానికి ఇత్తడి పళ్లెం, సగం కాలిన చుట్టలు నాలుగు, అచ్చు చీటీల కట్ట, సిరాబుడ్డి, కలం. నా గొంతులో ఉన్నది: పెసరగింజంత తెల్లమచ్చ ఒకటి. ఈ చివరిది నాకు, డోర్నకల్ అవతల ఒక దవాఖానలోని డాక్టరమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

మాది చుట్టల ఇల్లు. మా తాత బాప్తిస్మం పొందకముందే పెట్టిన కార్ఖానా. నాలుగు రకాలు చేసేవాళ్లం. జానెడు పొడవుది దొర చుట్ట, రైల్వే ఆఫీసర్లకు. బొటనవేలంత లావుది నవాబు, దాని కోసం హైదరాబాదు నుంచి మనిషి వచ్చేవాడు. సన్నగా పొట్టిగా ఉండేది వకీలు, సుబేదారి కచేరి ముందు నిలబడి పిలుపు వచ్చేలోగా ముగించడానికి, సరిగ్గా పద్దెనిమిది నిమిషాలు కాలుతుంది. బంగారు కాగితం చుట్టినది పెండ్లి చుట్ట, ఘాటు తక్కువ, వియ్యంకులకు ఇచ్చేది. పొగాకు మా కంటే బాగా తెలిసినవాళ్లు ఈ జిల్లాలో ఇంకా ఉన్నారు గాని, మా పెట్టెలో ఉండే చీటీ మరెవరి పెట్టెలోనూ ఉండేది కాదు. దాని మీద, 'మా ఇంటివాడు కాల్చి చూచినది' అని అచ్చు, కింద సంతకం. ప్రతి సోమవారం ఆ వారం సరుకులో రకానికొకటి మా ఇంటి మగవాడు నోట పెట్టి కాల్చనిదే ఒక్క పెట్టె కూడా గడప దాటకూడదని తాత పెట్టిన నియమం. తాత తరువాత బాపు కాల్చాడు, ఇరవై ఏళ్లు కాల్చాక ఆయనకు ఉబ్బసం పట్టుకుంది. నేను హైదరాబాదులో మెకానికల్ డిప్లమా ముగించుకుని ట్రంకుపెట్టెతో ఇంటికి వచ్చిన రోజున ఆయన అన్న మాట ఒక్కటే.

"సదువైపాయె గదా కొడుకా. ఇగ నీ నోరు ఈ ఇంటిది."

వారానికి నాలుగుతో మొదలైంది సహోదరులారా, ఏడాది తిరిగేసరికి రోజుకు పదకొండు అయింది, నిద్ర లేచి ప్రార్థన కంటే ముందు అగ్గిపెట్టె వెదుక్కునేవాణ్ణి, ఆదివారం ఆరాధన మధ్యలో బయటికి వచ్చి గోడ చాటున నిలబడేవాణ్ణి, మానుదామని ఆరుసార్లు ఒట్టు పెట్టుకుంటే అన్నిటికంటే ఎక్కువ నిలిచినది మూడు రోజులు. తరువాత పాటలో నా గొంతు పైకి పోవడం మానేసింది. డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి, ఆరు వారాలు ఒక్క దమ్ము కూడా పీల్చవద్దని, అప్పటికీ మచ్చ తగ్గకపోతే కోయాలని, కోస్తే మాట ఉంటుందో ఉండదో చెప్పలేనని చెప్పింది.

అప్పుడు నేను చేయవలసింది మోకరించి, లేచి, బాపుతో నిజం చెప్పడం. నేను చేసింది ఒక యంత్రం. నీళ్లు నింపిన పెద్ద గాజుసీసా, బిరడాకు రెండు రంధ్రాలు, ఒకదానిలో చుట్టను పట్టే రబ్బరు గొట్టం, రెండవదానిలో నీళ్లు కిందికి కారే గొట్టం. నీళ్లు కారుతుంటే సీసా చుట్టను మనిషిలాగే పీలుస్తుంది. ఆకుల కొట్టులో తలుపు వేసుకుని, చుట్ట ఎన్ని నిమిషాలు కాలింది, బూడిద ఎన్ని అంగుళాలు నిలిచింది, నిప్పు ఒకవైపుకు ఒరిగిందా లేదా అన్నీ రాసుకునేవాణ్ణి. బయటికి వచ్చి పళ్లెంలో పుక్కిలించి, 'రుచి సరి' అని పుస్తకంలో రాసి, వారానికి ఇరవై ఎనిమిది చీటీల మీద సంతకం చేసేవాణ్ణి. పది ఆజ్ఞలలో తొమ్మిదవది, అబద్ధసాక్ష్యం పలుకవద్దన్నది, నాకు చిన్నప్పుడే కంఠతా వచ్చు.

నాలుగవ సోమవారం దొర చుట్ట సగం కాలి ఉండగా నా చెయ్యి దానిని గొట్టం నుంచి ఊడదీసింది. నేను తీయలేదు, చెయ్యి తీసింది అనే చెప్పాలి. పెదవికి రెండంగుళాల దూరంలో ఉంది. "ప్రభువా, ఈ చెయ్యి నా మాట వినడం లేదు, నువ్వు పట్టుకో" అన్నాను. చుట్ట ఇరవై ఆరు నిమిషాలు కాలి వేళ్ల దగ్గర ఆరిపోయింది. ఆ ఇరవై ఆరు నిమిషాలూ అదే మాట అన్నాను, చెయ్యి పైకి రాలేదు. ఆయన పట్టుకున్నాడు సహోదరులారా, నేను సాక్షిని.

కాని అబద్ధం ఇంకా నా దగ్గరే ఉంది. ఐదవ సోమవారం, అంటే మొదట చెప్పిన ఆ ఉదయం, కొట్టులో నుంచి వచ్చి, పుక్కిలించి, రుచి సరి అని నాలుగుసార్లు రాసి కలం సిరాలో ముంచాను. అత్తమ్మ అడిగింది.

"పెండ్లి సుట్ట ఎట్లున్నది బిడ్డా?"

"తియ్యగ ఉన్నదత్తమ్మా."

ఆమె పళ్లెం ఎత్తి బాపుకు చూపించింది. "సూడు తమ్మీ. సుట్ట తాగినోడు ఉమ్మితే నీళ్లు ఎర్రగుండాలె. మూడు వారాల సంది సూస్తాన్న, బాయి నీళ్ల లెక్క తెల్లగున్నయ్. అందుకే ఇయ్యాల పెండ్లి సుట్ట నోట్ల పెట్టే కొసకు ఏపాకు పసరు రాసిన. పోరలకు పాలు మాన్పిచ్చే పసరు. వీనికి తియ్యగున్నదట."

బాపు పెట్టెలో నుంచి కొత్త దొర చుట్ట తీసి, ఉబ్బసం మనిషి గనుక తాను పీల్చకుండా పుల్లతోనే దాని కొన వెలిగించి, నా ముఖం ముందు పెట్టాడు.

"కాల్సు. నా ముంగట కాల్సు."

ముప్పై నాలుగు రోజులుగా నోట పెట్టని చుట్ట వాసన మళ్లీ నా ముఖానికి అంత దగ్గరగా వచ్చింది. ఒక్క దమ్ము లాగితే బాపు నమ్ముతాడు, చీటీలు నిలుస్తాయి, ఇంటి పేరు నిలుస్తుంది. లాగకపోతే నేను దొంగను. నోట్లో నీళ్లూరాయి. "ప్రభువా, నా నోరు నువ్వే తెరువు, దీనికి కాదు" అని లోపలే అడిగాను. నోరు తెరిచాను. బాపు చుట్టను ముందుకు జరిపాడు. నేను ఆయన మణికట్టు పట్టుకుని పక్కకు తోసి, "బాపూ, లోపలికి సూడు" అన్నాను.

ఆయన అగ్గిపుల్ల గీసి చూశాడు. పుల్ల వేలి దాకా కాలినా పారేయలేదు. ఇంకొకటి గీశాడు. అప్పుడు నేను డాక్టరమ్మ మాట, యంత్రం, సంతకాలు, అన్నీ వరుసగా చెప్పాను. అత్తమ్మ కొట్టులోకి పోయి సీసాను చూసి వచ్చి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే, "అది తాగుతాంటె నువ్వెందుకురా, పెండ్లి గూడ దానికే చేద్దాం" అంది. బాపు చుట్టను పళ్లెంలోని నీళ్లలో ముంచాడు. చీటీల కట్ట తీసి పొయ్యిలో పెట్టాడు. "ఈ ఇంటికి నీ నోరు అక్కర లేదు కొడుకా. నువ్వుంటె సాలు" అన్నాడు.

ఆరవ వారం డాక్టరమ్మ అద్దం పెట్టి చాలాసేపు చూసింది. మచ్చ ఆవగింజంత అయింది. మూడు నెలలకు అదీ లేదు. నేనిప్పుడు ఒక మిల్లులో మరమ్మతు పని చేస్తున్నాను, ఆదివారం పాటలో నా గొంతు మీరు వింటూనే ఉన్నారు, దేవునికే మహిమ. కార్ఖానా ఇంకా నడుస్తోంది, చీటీ మాత్రం లేదు. ఆ కార్ఖానా గురించి నా ప్రార్థన ఇంకా ముగియలేదు.

మీలో ఏదో ఒకదానికి ఆరుసార్లు ఒట్టు పెట్టి ఓడిపోయినవారు ఉంటే, ఏడవ ఒట్టు పెట్టుకోకండి. చెయ్యి పట్టుకోమని ఆయనను అడగండి, మీరు దాచినదానిని మీ ఇంటివారి ముందు తెరవండి. ఆయన నాకు చేసినది మీకు చేయడా?

ఇంకొక మనవి. బాపు, నేను ఆ నాలుగు వారాల సరుకు పోయిన దుకాణాలకు, ఇండ్లకు తిరిగి అబద్ధపు చీటీలను అడిగి తీసుకుంటున్నాము. మీ ఇంట్లో మా పెట్టె ఉంటే చూడండి. నేను సంతకం చేసినవి నూట పన్నెండు. దొరికినవి తొంభై ఏడు. ఇంకా రావలసినవి పదిహేను.