ఆముదం తాగిన ఓడ

మా మామకు కొడుకులు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దామెను నేను చేసుకున్న. చిన్నామెను మహబూబ్‌నగర్ల ఒక బడిపంతులు చేసుకున్నడు. అంటే ఆయన నాకు షడ్డకుడు. ఆయన నన్ను "అన్నా" అంటడు, నేను ఆయనను "తమ్మీ" అంట. పండుగకు పబ్బానికి కలిస్తే పక్కపక్కనే కూసోని తింటం. చూసినోళ్లు ఒక తల్లి పిల్లలే అనుకోవాలె. కని నా లోపల ఆయన మీద ఎంత కుళ్లున్నదో నాకు తెలుసు, మా ఇంటామెకు తెలుసు. ఇగ దాచి ఏం చేసుకుంట, చెప్పుకుంట.

మామది నందికొండ. ఇరిగేషన్ల లాంచీ డ్రైవరు చేసి రిటైరైండు. వయసంతా డ్యాము కట్ట ఎనుక నీళ్లమీదనే గడిచింది. నాది రామన్నపేట దిక్కు పల్లె. నేను పదోతరగతిల ఉండంగనే మా బాపు పోయిండు. పెండ్లైనంక మామనే నన్ను నందికొండకు పిలిచి, జాగా చూపిచ్చి, మోటర్లు చుట్టే దుకాణం పెట్టిచ్చిండు. అప్పటిసంది ఇంటికి ఎవలొచ్చినా మామ నా భుజం మీద చెయ్యేసి ఒకటే మాట అనేటోడు. "మా పెద్దల్లుడు. అల్లుడేంది, నా కొడుకే అనుకోరాదు."

గా మాటకు నేను అమ్ముడువోయిన. మామకు బీపీ గోలీలు తెచ్చేది నేను, గ్యాసుబండ మోసేది నేను, నల్లగొండ దవాఖానకు తీస్కపోయేది నేను. చేపలోళ్లకు మంచి బొచ్చె పడ్డదంటే ముందు మామింటికి ఇచ్చినంకనే నా ఇంటికి పోయేటోన్ని. బాపు లేనోన్ని. ఒకలు నన్ను కొడుకంటే నాకు గదే ఆస్తి.

తెలంగాణ వచ్చిన రెండు మూడేండ్లకు, ఒక ఎండకాలం సెలవులల్ల, మా షడ్డకుడు దేవరకొండ మీదికెళ్లి వచ్చే బస్సు దిగిండు. ఒడిల పసిపిల్లను పట్టుకున్నట్టు ఒక అద్దాలపెట్టె పట్టుకున్నడు. పెట్టెల మూరెడు పొడుగు కట్టె ఓడ. మూడు స్తంభాలు, బట్ట తెరచాపలు, దారమంత సన్నటి తాళ్లు, వేలిగోరంత చుక్కాని చక్రం. ఫోన్ల ఆర్డరిస్తే ముక్కలు ముక్కలుగ వస్తదట, బడినుంచి వచ్చినంక కూసోని నెలరోజులు అతికిచ్చిండట. "మామా, నువ్వు లాంచీ నడిపినోనివి. నీకే తెచ్చిన" అన్నడు.

నాకు నమ్మబుద్ధి కాలే. గీయన ఎవలనుకున్నరు? గోడకు మేకు కొట్టుమంటే బొటనవేలు కొట్టుకునేటోడు. ట్యూబులైటు స్టార్టరు మార్చనీకి మనిషిని పిలిచేటోడు. నేనేమో కాలిపోయిన మోటరు ఇప్పి, వెంట్రుకంత రాగితీగతోని మల్ల చుట్టి నడిపిచ్చేటోన్ని. చేతిపని అంటే మా ఇండ్లల్ల నా పేరే చెప్పాలె. గసొంటిది గీయన వచ్చి చేతిపని చూపిస్తుండు.

మామ గా ఓడను టీవీ పక్కన అల్మారిల పెట్టిచ్చిండు. అక్కడ మా పెండ్లిఫోటో ఉండె. దాన్ని తీసి ఫ్రిజ్జు మీద పెట్టిండ్రు.   ఫ్రిజ్జు తలుపు తెరిసినప్పుడల్లా గా ఫోటో ఊగేది, నేను పోయి సదిరేటోన్ని.

ఒకనాడు పొద్దుగాల చేపల కవరు పట్టుకోని మామింటికి పోయిన. మామతోని ఎన్కట లాంచీల పనిచేసిన ఖలాసీ ఒకాయన వచ్చి కూసున్నడు. ఇద్దరు ఓడ ముందల నిలబడ్డరు. "మా చిన్నల్లుడు చేసిండు, ఉత్త చేతులతోని. గా తాడు ముడి చూడు, మనోళ్లు వేసినట్టే లేదా?" అంటాండు మామ. నేను దర్వాజల నిలబడ్డ. భుజం మీద చెయ్యి పడుతదని చూసిన. మామ నాదిక్కు తిరిగి, "వంటింట్ల పెట్టు" అన్నడు. గంతే. ఖలాసాయన నేనెవలో అని కూడ అడుగలే, చేపలు అమ్మేటోడనుకున్నడో ఏమో.

ఇంటికొచ్చి మా ఇంటామె మీద ఎగిరిన. "మీ నాయినకు నేను కానొస్తున్ననా లేదా?" అన్న.

"ఏందయ్యా, గా బొమ్మ ఓడకు గింత మంటనా? సిగ్గన్న ఉండాలె" అన్నది.

"మంటనే. అవు, మంటనే. నేను గూడ చేస్త. గాయనది మూరెడు, నాది మూరన్నర."

చేస్తనని మామకు చెప్పనే చెప్పిన. మామ మస్తు సంబురపడ్డడు. గప్పటికే ఆయన రెండు కండ్లల్ల పొర వచ్చింది, నల్లగొండల ఆపరేషన్ చెయ్యాలన్నరు. "కంటిపట్టీ ఇప్పినంక ముందు నీ ఓడనే చూస్త అల్లుడా" అన్నడు. ఇగ నాకు తిండి సయించలే. గా ఓడ అల్మారిలకు పోవాలె, మామ నోట్ల నా మాట నాకు మల్ల రావాలె. నాకు కావాల్సింది గదొక్కటే.

ఫోన్ల ఆర్డరిస్తే పెట్టె వచ్చింది. తెరిచి చూసిన. నడుమ ఒక వెన్నుకర్ర, దానికి పక్కటెముకల లెక్క నిలబెట్టే పలకలు, వాటిమీద పొడుగు పరిచి అతికిచ్చే సన్నటి కట్టెపట్టీలు ఒక కట్ట. దుకాణంల బల్ల ఖాళీ చేసి అన్నీ పరిచిన. పట్టీ ఒకటి చేతిల పట్టుకుంటే ఎండిన రొట్టె లెక్క ఉన్నది, జర వంచితే పలిగేటట్టున్నది.

గప్పుడు మా బాపు యాదికొచ్చిండు. బాపు ఎడ్లబండి చేపిచ్చినప్పుడు వడ్లాయన చెక్కిన ప్రతి కర్రకు ఆముదం పట్టిచ్చి ఎండల పెట్టేటోడు. నాగలికి గంతే, దర్వాజకు గంతే. "కొత్త కర్రకు దూపైతది కొడుకా, కడుపునిండ తాపాలె, లేకుంటే మన ఎండకు నెర్రెలిస్తది" అని నా చేతికి గుడ్డపేలిక ఇచ్చేటోడు. బాపు నాకు నేర్పిచ్చి పోయిన పనులు శానా లేవు, గదొకటి.

పెట్టెల వచ్చిన కాగితం మీద అన్నీ బొమ్మలే. ఒక్క బొమ్మల గూడ నూనెసీసా లేదు. గీ కాగితం గీసినోనికి మన ఎండ ఏం తెలుసు, అనుకున్న. మా షడ్డకునికి గూడ తెల్వదు, సారుకు బండి ముఖమే తెల్వదు. గాయన ఓడ రెండేండ్లల్ల నెర్రెలిస్తది, నాది నా మనుమల దాక ఉంటది. గట్ల అనుకుంట అనుకుంట ప్రతి పట్టీకి, పలకకు, వెన్నుకర్రకు ఆముదం రుద్దిన. ఒక్కపారి కాదు, రెండుపార్లు. మిద్దెమీద చాప ఏసి ఎండబెట్టిన. గా రెండురోజులు నేనెంత కుషీగ ఉన్ననో చెప్పలేను.

తర్వాత పలకలు వెన్నుకర్ర గాట్లల్ల దిగ్గొట్టి, మొదటి పట్టీకి తెల్ల జిగురు పూసి, బట్టల క్లిప్పులు పెట్టి, తెల్లారి దాక ఉంచిన. క్లిప్పు తీస్తే పట్టీ టక్కుమని లేచింది. మల్ల పెట్టిన, మల్ల లేచింది. నాలుగు పట్టీలు పెడితే నాలుగూ లేచినయి. జిగురు నకిలీదని హార్డువేరు దుకాణం మీదికి పోయి లొల్లి పెట్టుకున్న. "నీకు కండ్లు నెత్తికెక్కినయా, నాకే ఉత్త నీళ్లు అంటగడుతవా?" అన్న. ఆయన పాపం ఇంకో డబ్బ ఇచ్చిండు. గది గూడ పట్టలే. కోపంల క్లిప్పుల బుట్ట విసిరికొడితే రెండు పట్టీలు పుటుక్కుమన్నయి.

మామ ఆపరేషన్ అయ్యింది. ఒక కంటికి పట్టీతోని మంచం మీద పండుకోని, నేను పోయినప్పుడల్లా "ఎంతదాక వచ్చింది?" అని అడిగేటోడు. "అయిపోవచ్చింది మామా" అనేటోన్ని. ఏం అయిపోవచ్చింది? నా పని అయిపోవచ్చింది.

మా ఇంటామె నాకు చెప్పకుండ వాళ్ల చెల్లెకు ఫోన్ చేసింది. ఎల్లుండికి షడ్డకుడు సంచి పట్టుకోని నా దుకాణం ముందల నిలబడ్డడు. బల్లమీద పట్టీ ఒకటి తీసి, ముక్కుకాడ పెట్టుకోని నా మొఖం చూసిండు.

"అన్నా, ఆముదమా?"

"అవు. మా బాపు గట్లనే చేసేటోడు" అన్న, కయ్యానికి దిగినట్టు.

నవ్వుతడనుకున్న. నవ్వితే నాలుగు తిట్టి పంపియ్యొచ్చని తయారుగ ఉన్న. ఆయన నవ్వలే. "బండికి మేకులు, చీలలు పట్టుకుంటయి అన్నా, జిగురు పని లేదు. గీడ అంతా జిగురే. నూనె మీద జిగురు నిలువది" అన్నడు. గంతే చెప్పి, సంచిలకెళ్లి గరుకు కాగితం, స్పిరిటు సీసా, రెండు ట్యూబులల్లది కలిపి పూసే జిగురు తీసిండు. ముందే అన్నీ తెచ్చుకున్నడు మహానుభావుడు. నాకు గదే ఇంకా మండింది.

మూడురోజులు సెలవు పెట్టి పగలు రాత్రి కూసున్నడు. ఒక్కొక్క పట్టీని స్పిరిటుతోని తుడిసి, గీకి, మల్ల తుడిసి, నాకు అందిచ్చిండు. నేను పలిగ్గొట్టిన జాగాల సన్నటి ముక్క కోసి, అతుకు కనబడకుండ దిగేసిండు. గా చేతులు చూస్తుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. గీయనకు గింత నేర్పు ఎప్పుడొచ్చింది?

రెండోనాడు చాయ్ తాగుకుంట నేనే అడిగిన. "తమ్మీ, నీకు గీ ఓడల పిచ్చి ఎక్కడిది?"

ఆయన గ్లాసు కింద పెట్టిండు. "ఏమనుకోకు అన్నా. మామ వారం వారం ఫోన్ చేస్తడు గద. పెద్దల్లుడు చేప తెచ్చిండు, పెద్దల్లుడు దవాఖానకు తీస్కపోయిండు, పెద్దల్లుడు నా కొడుకు. పెండ్లైనకాడికెళ్లి ఇంటున్న. నేను దూరముంటి, నాతోని ఏం కాదు. ఒక్కపారన్న నా గురించి ఎవలికన్న చెప్తడేమో అని మొదలువెట్టిన."

గీ మాట ఇంటే నా కడుపు తరుక్కుపోవాలె. ఉన్నది ఉన్నట్టు చెప్త, నా కడుపు చల్లబడ్డది. గీయన గూడ నా మీద కండ్లల్ల నిప్పులు పోసుకున్నడా! ఇన్నేండ్లు నన్ను చూసి ఏడ్సిండా! గా పూట నేను రెండు రొట్టెలు ఎక్కువ తిన్న.

ఓడ నిలబడ్డది. తెరచాపలు జర వంకరనే, కని నిలబడ్డది. మామకు కంటిపట్టీ ఇప్పి నల్లద్దాలు పెట్టిన మూడోనాటికి ఇద్దరం కలిసి తీస్కపోయినం. గా ఖలాసాయన గూడ మామను చూడవొచ్చి ఆడనే ఉన్నడు. ఓడను మామ ముందల స్టూలుమీద పెట్టిన. మామ నల్లద్దాలు పైకెత్తి చూసిండు. వేళ్లతోని పక్కలు తడిమిండు. వంగి వాసన చూసిండు.

"ఆముదం వాసనొస్తాంది. గిది మన కర్ర పని. దుకాణంల కొన్నట్టు లేదు" అన్నడు. నా చెయ్యి పట్టి గుంజి, భుజం మీద చెయ్యేసిండు. "మా పెద్దల్లుడు చేసిండు. అల్లుడేంది, నా కొడుకే అనుకోరాదు."

వచ్చింది. నా మాట నాకు మల్ల వచ్చింది.

ఖలాసాయన, "గట్లనా, ఒక్కనివే చేసినవా?" అని నన్ను అడిగిండు. గప్పుడే షడ్డకుడు వంటింట్లకెళ్లి చాయ్ పళ్లెం పట్టుకోని వచ్చి దర్వాజల నిలబడ్డడు. స్పిరిటుకు ఆయన వేళ్లు తెల్లగ పొట్టు లేసున్నయి. నా దిక్కు చూసిండు.  తమ్మి లేకుంటే గిది నిలబడకపోతుండె అనాలె నేను. ఒక్క మాట. మూడురోజుల పనికి ఒక్క మాట.

"అవు, నేనే" అన్న.

మామ ఆయనదిక్కు తిరిగి, "చాయ్ గక్కడ పెట్టు" అన్నడు.

మామ మరుసటేడు పోయిండు. పదకొండో దినం అయినంక అత్త మా ఇద్దరిని పిలిచి, ఎవల ఓడ వాళ్లు తీస్కపోండ్రి అన్నది. షడ్డకుడు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, నాది నువ్వు తీస్కో. నీది నాకియ్యి. మామ వాసన చూసింది గదే గద" అన్నడు. గా మనిషి నన్ను జిందగీల అడిగింది గదొక్కటే.

ఇయ్యలే. "మామకు ఇష్టమైంది, నా కాడనే ఉండనియ్యి" అన్న. ఆయన తలకాయ ఊపి, తన అద్దాలపెట్టె పట్టుకోని బస్సెక్కిండు.

ఇప్పుడు గా ఓడ మా ఇంట్ల టీవీ పక్కన ఉన్నది. ఎండకాలం వస్తే ఇప్పటికీ ఆముదం వాసనొస్తది. ఇంటికి వచ్చినోళ్లు ఎవలు చేసిండ్రని అడుగుతరు, నేనే అంట. గప్పుడు మా ఇంటామె లేచి లోపలికి పోతది.