గాలికి పాళీలు

ఆక్సిజన్ మిషన్ ఇంటికి వచ్చిన రోజు మా బాపు దాన్ని రెండు చేతులా ఎత్తి చూసి, "గింత అల్కగున్నది, దీంట్ల ఎంత వడ్తది బిడ్డా?" అన్నాడు.

భుజానికి తగిలించుకునే సంచిలో చిన్న డబ్బా, ముక్కుకు పెట్టుకోవడానికి సన్నటి గొట్టం. మనిషి ఊపిరి పీల్చినప్పుడల్లా టప్పుమని చిన్న చప్పుడు చేసి గాలి వదులుతుంది. బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి తగిలించుకుని చాయ్ బండి దాకా పోయి రావచ్చన్నాడు డాక్టరు. దాంతోపాటు ఇంకో మాట కూడా అన్నాడు. బాపు ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, మెలకువగా ఉన్నంతసేపూ ఇది ముక్కుకు ఉండాల్సిందే, పక్కన పెట్టేస్తే గుండె ఎక్కువ కాలం తట్టుకోదు అని. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఇంట్లో వేరే ధ్యాస లేదు.

బాపు జన్మంతా సూరత్ మగ్గాల మీదే గడిచింది. నన్ను కన్న అవ్వ పోయాక, ఆ ఊళ్ళోనే వడోద్‌లో గది ఖాళీ చేయించి, నవాగామ్‌లో మా దగ్గరికి తెచ్చుకున్నాను. మాదీ ఒక్క గదే. మా ఆయన మగ్గాలకు పోతాడు. నేను ఇంట్లోనే చీరలకు లేసు కుడతాను. మా పాప రెండో తరగతి. గదికి ఒకటే కిటికీ, అదీ పక్క బిల్డింగు గోడకు ఎదురుగా. బిడ్డ ఇంట్లో తిని ఉండడం బాపుకు మొదటి నుంచీ మింగుడు పడలేదు. కూర రెండోసారి వెయ్యబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. నాకు ఒళ్ళు మండేది.

మిషన్ సంగతి వాడకట్టంతా పాకింది. పక్క గది వదిన వచ్చి గుమ్మంలోనే నిలబడి ముక్కు మీద వేలేసుకుంది. "ఆక్సిజన్ దాకా వచ్చిందా! ఇగ ఆఖరి గడియలేనాయె" అంది, బాపు వింటుండగానే. ఇంకొకాయన వచ్చి, "జర తక్కువ పెట్టుకో మామా. అల్వాటైతే ఇడువదంట, కల్లు లెక్క" అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో! ఊపిరి అందనివాడికి గాలి పెట్టడం అలవాటు చెయ్యడమైతే మనమంతా పుట్టిన్నాడే అలవాటు పడ్డాం కదా, అని మొహం మీదే అనేశాను. ఆయన మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. పీడా పోయింది.

బాపు భయం మాత్రం వేరు. డబ్బాలో గ్యాస్ నింపి ఉంటుందని, వాడితే అయిపోతుందని ఆయన నమ్మకం. జరంత కష్టమైనప్పుడు పెట్టుకుని, తేలికపడగానే తీసి, "దాచిపెడుదాం, ముందుకు అక్కరొస్తది" అనేవాడు. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. చివరికి మిషన్ కిరాయికిచ్చిన షాపు అతన్నే ఇంటికి పిలిపించాను. అతను పక్కనున్న జాలీ ఊడదీసి బాపుకు చూపించాడు. "కాకా, ఇస్‌మే కుఛ్ భరా నహీ హై. యే కమ్రే కీ హవా ఖీంచ్‌తా హై. ఉసీ మే సే ఆక్సిజన్ అలగ్ కర్‌కే దేతా హై."

"కమ్రే కీ హవా?" అన్నాడు బాపు.

"విన్నవా? దీంట్ల నింపిందేం లేదంట, గదిల గాలే గుంజి అండ్లకెల్లి ఆక్సిజన్ తీస్తదంట. అయిపోవుడు ముచ్చటనే లేదు" అన్నాను నేను. గెలిచినట్టే అనిపించింది. బాపు గది నాలుగు మూలలా చూశాడు. ఒప్పుకున్నాడనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు బాగానే ఉంది. పాప బడికి పోగానే గొట్టం తనే ముక్కుకు పెట్టుకునేవాడు. పొద్దంతా టప్పు టప్పుమని చప్పుడు వినబడుతుంటే నాకు కుట్టుపని హాయిగా సాగేది. బాపు పెదాలకు రంగు కూడా వచ్చింది.

ఎండాకాలం సెలవులు మొదలయ్యాయి. పాప పొద్దంతా ఇంట్లోనే, దాని అల్లరిలో ఇంకే చప్పుడూ నా చెవిన పడేది కాదు. వారం తిరగకముందే బాపు కాళ్ళు వాచాయి, గోళ్ళు నల్లబడ్డాయి. మాట మధ్యలోనే కునుకు తీస్తున్నాడు. ఆక్సిజన్ కొలిచే క్లిప్పు వేలికి తగిలించి చూస్తే అంకె ఎన్నడూ లేనంత కిందికి పోయింది. ముక్కుకు గొట్టం ఉంది కదా, మరి ఇదేం రోగమో నాకు అంతుపట్టలేదు. సాయంత్రం చార్జింగ్ పెట్టబోతే బ్యాటరీ నిండుగా ఉంది. పొద్దంతా నడిచిన మిషన్‌కు బ్యాటరీ ఎట్లా నిండుగా ఉంటుంది? చెవి దగ్గర పెట్టి విన్నాను. చప్పుడు లేదు.

"బాపూ, ఇది బందున్నది."

"ఆ, ఎరికే."

"ఎరికేంది? ఊపిరాడక సస్తవా ఏంది?"

"ఇప్పుడు పోరి పాళీ బిడ్డా" అన్నాడు నెమ్మదిగా.

పాళీ అంటే మగ్గాల దగ్గర షిఫ్టు; దానికీ మిషన్‌కూ సంబంధం నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. బాపు పడుచు వయసులో వడోద్‌లో మగ్గాలవాళ్ళు గదికి కిక్కిరిసి ఉండేవాళ్ళు. ఒక్క పరుపు ఇద్దరిది. దిన్ పాళీ వాడు పనికి లేచిపోగానే, రాత్ పాళీ వాడు వచ్చి ఆ వెచ్చటి పరుపు మీదే పడుకునేవాడు. ఒకరి పాళీలో ఇంకొకరు పరుపు ముట్టుకోకూడదు. ముట్టుకున్నవాడికి వాళ్ళలో ఇక మర్యాద ఉండేది కాదట. బాపు గాలికి కూడా ఆ లెక్కే కట్టాడు.

"పోరి బడికి పోతే నా పాళీ. పోరి ఇంట్లుంటే దాని పాళీ. గీ గదిల ఉన్నదే జరంత గాలి. అండ్ల మంచిదంత గీ డబ్బ గుంజి నా ముక్కుల వోస్తది. పోరికేం మిగుల్తది? తవుడు. బిడ్డింట్ల తినుడే ఎక్కువ, మల్ల మనుమరాలి గాలి గూడ తాగుదునా?"

ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే కోపం, ఆ తర్వాత ఏడుపు. నేను చెప్పింది అబద్ధం కాదు, షాపు అతను చెప్పిందీ అబద్ధం కాదు. రెండు నిజాలను కలుపుకుని మా బాపు తన గొంతుకు ఉరి పేనుకున్నాడు. డాక్టరుకు ఫోను కలిపి బాపు చెవికి పెట్టాను. గదిలో గాలికి కొరతేమీ రాదని, తలుపు సందుల్లోంచి కొత్త గాలి వస్తూనే ఉంటుందని, ఆ డబ్బా వల్ల పాపకు ఏమీ కాదని ఆయన హిందీలో ఓపికగా చెప్పాడు. బాపు అన్నిటికీ "జీ సాబ్, జీ సాబ్" అన్నాడు. ఫోను పెట్టేశాక నాతో, "ఆయనది పెద్ద బంగ్లా ఉంటది బిడ్డా. మన గది ఆయన జూసిండా?" అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని. కుర్చీ గది బయట గ్యాలరీలో వేసి కూర్చోబెడితే మిషన్ పెట్టుకునేవాడు, కానీ ఆ ఎండకు కళ్ళు తిరిగేవి. లోపలికి తేగానే చెయ్యి బటన్ మీదకు పోయేది. నేను వేస్తే ఆయన తీసేవాడు. తిట్టాను. ఒట్టు పెట్టించుకున్నాను. అవ్వ ఫోటో ముందు కూర్చుని ఏడ్చాను. తల ఊపేవాడు, నేను అటు తిరగ్గానే చప్పుడు ఆగిపోయేది. ఇవన్నీ పాప ముందే జరిగాయి. ఒక్క గదిలో పిల్లను ఎక్కడికి పంపుతాను?

ఒక మధ్యాహ్నం కుట్టిన చీరలు ఇచ్చేసి, కొత్త మూట పట్టుకుని మెట్లెక్కి వచ్చాను. మిషన్ చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. ప్రాణం లేచివచ్చింది. లోపలికి చూస్తే ముక్కుకు గొట్టంతో ఉన్న బాపు ముందు పాప మఠం వేసుకుని కూర్చుని ఉంది. రెండు వేళ్ళతో ముక్కు మూసుకుంది, బుగ్గలు పూరించింది, మొహమంతా ఎర్రగా కందిపోయింది. ఆటేమో అనుకున్నాను.

"ఏందే గది?" అన్నాను.

పాప ముక్కు వదిలి, ఒగరుస్తూ గబగబా చెప్పింది. "మమ్మీ, మై సాస్ నహీ లే రహీ. నేను పీలుస్త లేను. నా గాలి గూడ తాతనే తీస్కోమను. తాత కో బోలో నా!" చెప్పి మళ్ళీ ముక్కు మూసుకుంది.

బాపు గొట్టం పీకి పారేశాడు. "వద్దు బిడ్డా, సూడు, నేనే బంద్ చేసిన. నువ్వు పీల్చు, నీదే పాళీ, నువ్వు పీల్చు" అంటూ పాపకు చూపించడానికి తనూ నోరు బిగించి ఊపిరి బిగబట్టాడు. అది చూసి పాప ఇంకా గట్టిగా ముక్కు నొక్కుకుంది.

"పీల్చుండ్రి! ఇద్దరు పీల్చుండ్రి!" అని గొంతు చించుకుని అరిచాను. ఇద్దరూ నా వైపు చూడలేదు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. బాపు పెదాలు నీలంగా మారుతున్నాయి. పాప కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. పాప చెయ్యి లాగాలో, బాపు ముక్కుకు గొట్టం పెట్టాలో తోచక, చీరల మూట పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.